ఆకుల లేసు... గంటల లెక్క

మా రామగుండంలో స్వెట్టరు మాటెత్తితే నవ్వుతారు. ఎండలకు పేరుబడ్డ ఊరు మరి! చలి నాలుగు రోజులు పోగానే ఊలు పెట్టెలోకి చేరాల్సిందే. అందుకే నేను నూలుదారంతో ఆకుల లేసు అల్లుతాను. గాలి ఆడుతుంది, పసిపిల్లల టోపీకీ, టీపాయి గుడ్డకీ అందం.

చూస్తే కష్టమనిపిస్తుంది గానీ, ఇందులో ఉన్నదంతా లెక్కే. పర్ల్ కుట్ల మధ్య ఒక్క నిట్ కుట్టు ఉంచుకోండి. దానికి అటూ ఇటూ సూదికి దారం చుట్టి అల్లితే ఒకటి మూడవుతుంది. వెనుక వరసలో ఆకు కుట్లను పర్ల్, మిగతావి నిట్ అల్లాలి. మళ్ళీ ముందు వరసలో నడిమి కుట్టుకు అటూ ఇటూ చుట్టితే అయిదు, ఇంకోసారి చుట్టితే ఏడు. ఆకు విచ్చుకుంది!

ఇక తగ్గించాలి. ఆకు మొదటి కుట్టును అల్లకుండా తీసి, పక్కది అల్లి, తీసినదాన్ని దాని మీదుగా దాటించండి. చివరి రెంటినీ కలిపి అల్లండి. ఏడు అయిదవుతుంది, తర్వాతి ముందు వరసలో మూడు. ఆఖరున మొదటిది తీసి, రెంటిని కలిపి అల్లి, తీసినదాన్ని దాటిస్తే ఒకటి. వెనుక వరసలతో కలిపి 12 వరసలకు ఒక ఆకు. 6 చుట్లు వేశాం, 6 కుట్లు తగ్గించాం. లెక్క సరి.

కుట్లను ఇంత జాగ్రత్తగా లెక్కపెట్టే మనం గంటల్ని లెక్కపెడుతున్నామా? బాయికి పోయే మనిషికి షిఫ్టు ఉంది, హాజరుంది. ఇంట్లో అల్లే చేతికి?

మన గోదావరే దిగువన సముద్రాన్ని చేరబోయే చోట నరసాపురం ఉంది. అక్కడి స్త్రీలు కొక్కెం సూదితో అల్లే క్రోషే లేసు 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పింది. అది విదేశాలకు పోతుంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ స్త్రీల మీద 1982లో ఒక పుస్తకం వెలువరించారు. వారిని పనివారుగా కాక, తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగా చూడబట్టే కూలి అంత తక్కువని ఆమె తేల్చారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ లేసుకు పేరు రావడం వేరు, అల్లిన గంటకు విలువ రావడం వేరు.

అమ్మకానికి అల్లేవారు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఒక ఆకుకు ఎన్ని నిమిషాలు, గుడ్డకు ఎన్ని ఆకులు రాసుకోండి. దారం ఖరీదుకు మీ గంటల కూలి కలిపి ధర చెప్పండి. "ఇంట్లో కూచుని అల్లిందే గదా వదినా" అని ఎవరైనా బేరమాడితే, నవ్వుతూ ఆ పుస్తకం చూపించండి.