మందు పోసే తీరే ప్రాణం మీదికి తెస్తుంది

గేదె మేత మానేసిందంటే వాము, మిరియాలు దంచి, బెల్లం కలిపి, వెదురు గొట్టంతో పోయడం పల్లెల్లో మామూలే. ఇద్దరు ముక్కుతాడు పట్టి మూతిని ఆకాశానికి ఎత్తుతారు. మరొకరు నాలుక బయటికి లాగి గొట్టం దించుతారు. చిక్కంతా ఇక్కడే ఉంది.

పశువు గొంతులో ఆహార నాళం, గాలి గొట్టం పక్కపక్కనే ఉంటాయి. నాలుక ఆడితేనే పశువు మింగగలదు, మింగేటప్పుడే గాలి గొట్టం మూసుకుంటుంది. నాలుక లాగి పట్టుకుంటే మందు కాస్తా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మనకు పొలమారితే దగ్గి బయటపడతాం. మూతి బిగించి పట్టిన గేదెకు ఆ వీలెక్కడిది? కడుపుబ్బరానికి పోసే నూనె మరీ ప్రమాదం, దానికి దగ్గు కూడా సరిగా రాదు. రెండు మూడు రోజుల్లో జ్వరం, ఎగరొప్పడం, ముక్కు వెంట కంపు కొట్టే చీమిడి కనిపిస్తే అది న్యుమోనియా కావచ్చు. మనమేమో పాత జబ్బే ముదిరిందనుకుని మళ్లీ గొట్టం తీస్తాం!

వాలుగా నరికిన వెదురు అంచు గొంతును చీలుస్తుంది. గాజు సీసా నోట్లోనే పగలవచ్చు. గొర్రెలకు నట్టల మందు పోసే డ్రెంచింగ్ గన్‌ను హడావుడిగా పొడిచినా ఇదే గతి. చొంగలో రక్తం, దవడ కింద వాపు, మెడ చాచి నిలబడటం, నమిలిన మేత వదిలేయడం గొంతు గాయానికి గుర్తులు. అప్పుడు నోటి ద్వారా ఏదీ పోయకుండా పశువైద్యుడికి చూపించండి. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

మందు పోయాల్సి వస్తే మూతి కంటి మట్టం దాటకూడదు. నాలుక పట్టుకోవద్దు. నున్నటి అంచున్న ప్లాస్టిక్ సీసా మూతిని నోటి పక్కన పళ్లు లేని సందులోంచి పెట్టి, గుక్కెడు పోసి, మింగాకే మరో గుక్కెడు పోయండి. దగ్గిందా, వెంటనే తల వదిలేయండి. మేత తినే పశువైతే ఈ తంటా ఎందుకు? డాక్టరును అడిగి మందును దాణాలోనో బెల్లంలోనో కలిపి పెట్టొచ్చు. ఈనిన తర్వాత పాల జ్వరంతో పడిపోయి మెడ వాల్చేసిన గేదెకు మాత్రం చుక్క కూడా పోయవద్దు. దానికి మింగే శక్తి ఉండదు, కాల్షియం ఇంజెక్షనే దిక్కు.

ఇంకొక మాట. ఏ మందూ పోయకుండానే చొంగ కారుస్తూ మింగలేకపోతుంటే, గొంతులో ఏదో అడ్డం పడిందని చేయి పెట్టకండి. అది పిచ్చికుక్క కాటు జబ్బు కూడా కావచ్చు.