టీవీలో మందుల యాడ్లు ఎందుకొస్తాయి?

చాండ్లర్‌లో టీవీ పెడితే చాలు, మందుల యాడ్లు! ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యకి ఇదే వింత. చీటీ మీద ఇచ్చే మందులకి అక్కడ జనంలో ప్రచారం కుదరదు. ఇక్కడ యాడ్‌కి కూడా వాక్‌స్వాతంత్ర్యపు అండ ఉందండీ.

మన అరిజోనాలో పెరిగిన జస్టిస్ శాండ్రా డే ఓకానర్ 2002లో రాసిన తీర్పు చూడండి. రోగికి తగ్గట్టు ఫార్మసీలో కలిపి ఇచ్చే మందుల యాడ్లపై నిషేధం 5-4తో పోయింది. జనం తప్పు నిర్ణయం తీసుకుంటారన్న భయంతో నిజాన్ని ఆపకూడదన్నారు. అబద్ధానికి మాత్రం ఆ రక్షణ లేదు.

2017లో మన రాష్ట్రం ఇంకాస్త ముందుకెళ్లింది. ఎఫ్‌డీఏ ఆమోదించని వాడకం గురించి కూడా, నిజమైతే, కంపెనీలు డాక్టర్లకి చెప్పొచ్చంది. ఫెడరల్ నియమాలు అలాగే ఉన్నాయనుకోండి. నిజమని తేల్చేదెవరు? నా గుబులల్లా అదే.

అత్తయ్య మాత్రం ఓ మోకాళ్ల మందు పేరు రాసుకుంది. యాడ్ చివర గబగబా చదివిన దుష్ఫలితాల్లో ఒక్కటీ రాసుకోలేదు.