తొలి బడి

నంద్యాల నుండి కడపకు సాగే రహదారి మీద, ఆళ్ళగడ్డ దాటిన తరువాత, జిల్లా సరిహద్దుకు చేరువలో చాగలమర్రి ఉంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేంతవరకు ఇది కర్నూలు జిల్లాలో ఒక మండల కేంద్రం. సేద్యమే ఇక్కడి ప్రజలకు ప్రధాన జీవనాధారం. ఇటువంటి ఊళ్ళలో ఉదయం వేళ రెండు రకాల ప్రయాణాలు కనిపిస్తాయి. పెద్దలు పొలాలకు పోతారు. పిల్లలు పుస్తకాల సంచులతో బడికి పోతారు. ఈ రెండవ ప్రయాణం ప్రతి ఇంటి బిడ్డకూ హక్కుగా సంక్రమించడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది. ఆ బడిలో బిడ్డ ఏమి నేర్చుకొంటుంది, ఆమె నుండి సమాజం ఏమి ఆశిస్తుంది అన్నది తెలుసుకోదగిన విషయం.

మన సీమలో నాటి చదువుల తీరును తెలిపే విలువైన ఆధారం ఒకటి ఉంది. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, మద్రాసు గవర్నరైన తరువాత 1822లో రాజధానిలోని పాఠశాలల వివరాలు పంపవలసినదిగా కలెక్టర్లందరినీ ఆదేశించాడు. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఆంగ్లంలో ప్రచురించిన ఏ.డి. క్యాంప్‌బెల్ అప్పుడు బళ్ళారి కలెక్టరు. ఆయన 1823 ఆగస్టులో పంపిన నివేదిక అన్నిటిలోకీ విపులమైనది. ఆ జిల్లాలో 533 బడులు ఉండేవి. వాటిలో 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు. మిగిలినవి ఇతర భాషలవి. మొత్తం విద్యార్థులు 6,641 మంది. అంటే సగటున ఒక బడికి పన్నెండు మంది పిల్లలు. వేయిమంది జనాభాలో బడికి వెళ్ళేవారు ఏడుగురే!

ఐదవ ఏట బిడ్డను బడిలో చేర్చేవారు. వినాయకుని పూజించి, బియ్యంలో అక్షరాలు దిద్దించేవారు. బడి ఉదయం ఆరు గంటలకే మొదలయ్యేది. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. అది గౌరవం. రెండవవానికి సున్న చుట్టేవారు. అతనికి పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చేవారికి ఒక్కొక్కటి అధికం. ఈ ఏర్పాటు వేళకు రావడాన్ని నేర్పింది. దానితోపాటు బడి అంటే భయాన్ని కూడ నేర్పింది. చదవని వారిని తాళ్ళతో దూలానికి వ్రేలాడదీసే కోదండం, ఆపకుండ తీయించే గుంజీలు ఆనాటి శిక్షలలో ప్రసిద్ధమైనవి.

పిల్లలు మొదట ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దేవారు. చేయి కుదిరిన తరువాత పలక మీద, కడితం మీద బలపంతో వ్రాసేవారు. కడితం అంటే గుడ్డకు గంజి పట్టించి, మడతలు పెట్టి, బొగ్గుపొడిని జిగురుతో కలిపి పూసినది. తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ వ్రాసుకోవచ్చు. తాటాకు మీద గంటంతో వ్రాయడం కూడ ఉండేది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, ఎక్కాలు వచ్చిన తరువాత లెక్కలు, ఉత్తరాలు, పద్యాలు వచ్చేవి. పై తరగతి పిల్లలు క్రింది వారికి చెప్పేవారు. చెప్పేవారికి తమ చదువు గట్టిపడేది. వినేవారికి తోడు దొరికేది. ఈ పద్ధతిని క్యాంప్‌బెల్ మెచ్చుకొన్నాడు.

అయితే ఆయన ఒక పెద్ద లోపాన్ని కూడ ఎత్తి చూపాడు. పిల్లలు వల్లించే పద్యాల భాష వేరు, వారు మాట్లాడే భాష వేరు. అందువలన ఎన్నో పద్యాలు కంఠస్థమైనా వాటి అర్థం వారికి అందేది కాదు. కంఠస్థం చేయడం చెడ్డది కాదు. ఎక్కాలు నోటికి వచ్చినవానికి లెక్క సులభమవుతుంది. పద్యం నోటికి వచ్చినవానికి మాట శుద్ధమవుతుంది. కాని అర్థంతో పొత్తు లేని ధారణ నాలుక మీదనే నిలిచిపోతుంది, బుద్ధికి చేరదు.

ఇంతకంటె బాధాకరమైన అంకె మరొకటి ఆ నివేదికలో ఉంది. ఆ 6,641 మందిలో బాలికలు కేవలం అరవై మంది. పేదల పిల్లలు ఎందరో బడి ముఖమే ఎరుగరు. నాటి బడి కొందరి సొత్తు.

నేటి ప్రాథమిక పాఠశాల ఈ రెండు లోపాలను సరిదిద్దే ప్రయత్నం. 2002లో చేసిన 86వ రాజ్యాంగ సవరణ 21ఎ అధికరణాన్ని చేర్చి, ఆరు నుండి పద్నాలుగు సంవత్సరాల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను ప్రాథమిక హక్కు చేసింది. ఆ సవరణే బిడ్డకు చదువుకొనే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి అని కూడ చెప్పింది. దానిని అమలుచేసే విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఐదవ తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని ఆ చట్టం నిర్దేశించింది. కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని నిషేధించింది. కోదండం వేసిన దూలాలకు చట్టం ఇచ్చిన సమాధానం అది.

ఇక బిడ్డ నేర్వవలసినదేమిటి? మొదటి రెండు తరగతులలో భాష, గణితం ప్రధానం. మూడవ తరగతి నుండి పరిసరాల విజ్ఞానం తోడవుతుంది. 2021 జూలై 5న ప్రారంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమం తరగతివారీ లక్ష్యాలను స్పష్టంగా చెప్పింది. ఒకటవ తరగతి ముగిసేసరికి బిడ్డ నాలుగైదు పదాల చిన్న వాక్యాలను చదవాలి. 99 వరకు అంకెలు చదివి వ్రాయాలి. రెండవ తరగతిలో నిమిషానికి 45 నుండి 60 పదాలు చదవగలగాలి. 999 వరకు సంఖ్యలు తెలియాలి. మూడవ తరగతిలో నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలి. 9,999 వరకు సంఖ్యలు, తేలికైన గుణకారాలు రావాలి. ‘అర్థంతో’ అన్న మాట ఇక్కడ ముఖ్యం. క్యాంప్‌బెల్ ఎత్తి చూపిన లోపానికి మందు ఆ మాటలోనే ఉంది.

మూడవ తరగతినే ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. అంతవరకు బిడ్డ చదవడం నేర్చుకొంటుంది. ఆ తరువాత చదివి నేర్చుకొంటుంది. చదవడమే రాని బిడ్డకు నాలుగవ తరగతి పరిసరాల పాఠం గోడ వంటిది. తరగతి మారుతుంది, వయసు పెరుగుతుంది, పుస్తకం మాత్రం తెరుచుకోదు. సిగ్గుతో వెనుక వరుసలో కూర్చోవడం అలవాటవుతుంది. ఒకనాడు బడికి రావడమే మానుతుంది. బడి మానడం ఒక్కనాటి పని కాదు. అది ఎన్నో నాళ్ళ మౌనం యొక్క ముగింపు.

ఈ ప్రాంతానికి ఆ ముగింపు ఎటు దారితీస్తుందో తెలుసు. 2000 సంవత్సరం ప్రాంతంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సంకర పత్తి విత్తన క్షేత్రాలలో బాలికలు పెద్ద సంఖ్యలో పనిచేసేవారు. మొగ్గలను గిల్లి, పుప్పొడిని ఒక్కొక్క పువ్వుకు అద్దే పని అది. పంట కాలమంతా ఆ పని సాగేది. ఆ కాలమంతా బడిలో వారి చోటు ఖాళీగా ఉండేది. ఇటువంటి పిల్లలను తిరిగి బడికి తెచ్చే ఉద్యమం రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి ఎం.వి. ఫౌండేషన్ ఆధ్వర్యంలో సాగింది. దానికి నాయకత్వం వహించిన ఆచార్య శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. బడిలో లేని ప్రతి బిడ్డా శ్రమలో ఉన్న బిడ్డే అన్నది ఆ ఉద్యమపు మూలసూత్రం.

బడి నేర్పేది అక్షరాలు, అంకెలు మాత్రమే కాదు. వేళకు రావడం, చేతులు కడుక్కోవడం, వంతు కోసం ఆగడం, తోటివారి మాట వినడం కూడ అక్కడి పాఠాలే. మధ్యాహ్న భోజనానికి అన్ని కులాల, అన్ని మతాల పిల్లలు ఒకే వరుసలో కూర్చొంటారు. ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేని సమత్వాన్ని ఆ వరుస చెబుతుంది. తెలుగుతోపాటు ఉర్దూ కూడ వినిపించే చాగలమర్రి వంటి ఊళ్ళలో, ఇంటి భాషకు, బడి భాషకు నడుమ వారధి కట్టే పని ఉపాధ్యాయునిది. బిడ్డ పలికే సీమ యాసను వెక్కిరించక, దాని ఆధారంగానే పుస్తకపు భాషను పరిచయం చేసినప్పుడు చదువు పరాయిది కాకుండ ఉంటుంది.

ఐదవ తరగతి ముగించిన బాలిక ఏమి సాధించినట్లు? బస్సు మీది ఊరి పేరు చదవగలదు. అంగడిలో చిల్లర సరిచూడగలదు. తండ్రి పట్టాదారు పాసుపుస్తకంలో ఏమి వ్రాసి ఉందో అవ్వకు చదివి వినిపించగలదు. తెలియనిదానిని జంకు లేకుండ అడగగలదు. ఇవి చిన్న పనులుగా తోచవచ్చు. కాని రెండు వందల ఏండ్ల క్రితం పొరుగు జిల్లాలోని అరవై మంది బాలికలు తప్ప మిగిలిన వారెవ్వరికీ అందని భాగ్యమిది. ఆ భాగ్యం ఏ ఒక్క బిడ్డకూ దూరం కాకుండ చూడడమే తొలి బడి బాధ్యత. తరువాతి చదువులన్నీ ఆ పునాది మీదనే నిలుస్తాయి.