చిన్న చేతికి తగిన డిస్కు

2023 వేసవిలో మేము అమెరికాలోని టెక్సాసు రాష్ట్రములో ఉన్న మా తమ్ముని ఇంటికి వెళ్లాము. ఒక శనివారము సాయంకాలము తమ్ముడు తన పదేండ్ల కుమారుని, మమ్మును వెంటబెట్టుకొని దగ్గరలోని పార్కుకు తీసుకొని వెళ్లాడు. పిల్లవాని చేతిలో ఎర్రగా మెరిసే ఒక ప్లాస్టిక్ పళ్లెము ఉంది. దానిని అక్కడ డిస్కు అంటారు. ఆడే ఆట పేరు డిస్కు గోల్ఫు.

“అన్నయ్యా, షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటె వేగంగా పోయేది ఇమ్మని అడిగి తెచ్చాను. వీడు ఎవరికీ తక్కువ కాకూడదు గదా!” అన్నాడు తమ్ముడు.

పిల్లవాడు బలమంతా పెట్టి విసిరాడు. డిస్కు పట్టుమని పది గజాలైనా పోకముందే ఎడమకు తిరిగి గడ్డిలో కూలింది. రెండవసారీ అంతే. మూడవసారీ అంతే. తండ్రి గొంతు పెరిగింది. “అట్లా కాదురా, గట్టిగా విసురు!” అని గద్దించాడు. అయిదవసారికి పిల్లవాడు నేలమీద కూర్చుండిపోయాడు. “నాకు రాదు డాడీ. నాకు ఏదీ రాదు” అన్నాడు. పదేండ్ల పిల్లవాని నోట ఆ మాట విని మా గుండె కలుక్కుమన్నది.

అక్కడే ఆడుకొనుచున్న ఒక వృద్ధుడు ఇదంతా చూచి దగ్గరకు వచ్చాడు. తన సంచిలోనుండి అంచులు అరిగిన పాత డిస్కు ఒకటి తీసి పిల్లవాని చేతికిచ్చి, “బలము అక్కరలేదు బాబూ, మెల్లగా విసురు” అని తన భాషలో చెప్పాడు. పిల్లవాడు విసిరాడు. డిస్కు తిన్నగా తేలుతూ వెళ్లి చెట్టు నీడలో మెత్తగా దిగింది. “చూశావా డాడీ!” అని కేక వేశాడు. చెయ్యి అదే, పిల్లవాడూ వాడే. మారినది డిస్కు మాత్రమే.

మన సంఘములలో పిల్లలను, మనుమలను పరదేశములకు పంపిన కుటుంబములు చాలా ఉన్నవి. పెద్దవారు అక్కడికి వెళ్లి నెలల తరబడి మనుమలతో గడుపుచున్నారు. అటువంటి వారి కొరకు, ఆ పెద్దాయన చెప్పిన సంగతులను, తరువాత మేము తెలిసికొన్నవాటిని ఇక్కడ వ్రాయుచున్నాము.

ఆట ఎటువంటిది?

గోల్ఫులో బంతిని గుంటలో వేసినట్లు, ఇందులో డిస్కును బుట్టలో వేయాలి. ఇనుప స్తంభమునకు బుట్ట, దానిపైన వ్రేలాడే గొలుసులు ఉంటాయి. డిస్కు గొలుసులకు తగిలి బుట్టలో పడుతుంది. పార్కులో సాధారణముగా 9 గాని 18 గాని బుట్టలుంటాయి. అన్నిటిని తక్కువ విసురులతో ముగించినవారు గెలిచినట్లు. చాలా పార్కులలో రుసుము లేదు. తాత, మనుమడు కలిసి నడుస్తూ ఆడుకొనవచ్చును.

ఫ్రిస్బీలు తయారు చేయు వామ్-ఓ అనే సంస్థలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఈ ఆటకు మొదటి శాశ్వత మైదానమును ఏర్పరచాడు. గొలుసుల బుట్టను కనిపెట్టినవాడు ఆయనే. ఆ రోజులలో మామూలు ఫ్రిస్బీ వంటి వాటితోనే ఆడేవారు. 1983లో డేవ్ డునిపేస్ అంచును ఏటవాలుగా చెక్కినట్లున్న డిస్కును రూపొందించాడు. అది గాలిని చీల్చుకొని మరింత దూరము పోయింది. అప్పటినుండి ఇంకా వేగమైన డిస్కులు వచ్చుచునే ఉన్నవి. కొత్తవాడు దుకాణములో తికమకపడేది ఇక్కడే.

వేగము అంటే ఏమిటి?

చాలా డిస్కుల మీద నాలుగు అంకెలుంటాయి. మొదటిది వేగము. రెండవది గాలిలో ఎంతసేపు తేలుతుందో చెప్పేది. మూడవది విసిరిన వెంటనే ఎటు మళ్లుతుందో, నాలుగవది వేగము తగ్గినప్పుడు చివర ఎంత వంపు తిరుగుతుందో చెప్పేవి.

వేగము 12 అని ఉంటే ఆ డిస్కు తనంతట తానే వేగముగా పోవునని మా తమ్ముడు అనుకొన్నాడు. అది పొరపాటు. అంత వేగముగా విసరగలిగిన చేతికే అది సరిగా ఎగురునని దాని అర్థము. దాని అంచు వెడల్పుగా, పదునుగా ఉంటుంది. చిన్న వ్రేళ్లకు పట్టు చిక్కదు. చాలినంత వేగము అందకపోతే, కుడిచేతివాడు మామూలుగా విసిరినప్పుడు అది వెంటనే ఎడమకు వంగి కూలిపోతుంది. మా పిల్లవానికి జరిగినది ఇదే.

మొదట ఏవి కొనాలి?

మొదట రెండు డిస్కులు చాలును. ఒకటి బుట్ట దగ్గర వేసే పట్టర్. దీని వేగము 2 లేక 3. ఇన్నోవా వారి ఏవియర్ అందరికి తెలిసినది. దాని అంకెలు 2, 3, 0, 1. రెండవది మధ్య దూరమునకు వాడే మిడ్‌రేంజ్, వేగము 4 లేక 5. డిస్క్రాఫ్ట్ వారి బజ్ ఇటువంటిది. 5, 4, -1, 1. ఈ రెండూ తిన్నగా ఎగిరేవి. విసురులో తప్పు ఉంటే దాచకుండా చూపుతాయి గనుక నేర్చుకొనువానికి మంచి ఉపాధ్యాయులు. కొన్ని నెలలు గడిచి చెయ్యి కుదిరిన తరువాత వేగము 6 లేక 7 గల మూడవది చేర్చవచ్చును. 9 దాటినవాటి జోలికి మొదట పోవద్దు.

బరువు కూడ చూడవలెను. పెద్దవారికి 165 నుండి 175 గ్రాములవి సరిపోతాయి. పిల్లలకు 150 గ్రాములు గాని, అంతకు తక్కువ గాని మేలు. తేలికపాటిది తక్కువ బలముతోనే ఎగురుతుంది.

ఖరీదైన ప్లాస్టిక్ మొదట అవసరము లేదు. సాదా రకము చేతికి పట్టు బాగా ఇస్తుంది, ధర తక్కువ. గడ్డిలో, ఆకులలో కనబడునట్లు ముదురు గులాబి, నారింజ వంటి రంగు ఎంచుకోండి. అడుగున పేరు, ఫోను నంబరు వ్రాయండి. దొరికినవారు తిరిగి ఇస్తారు. ఈ డిస్కుల అంచు గట్టిది గనుక ఫ్రిస్బీవలె ఒకరికొకరు విసురుకొని పట్టుకొనరాదు. ముందు మనుష్యులుంటే ఆగాలి.

సౌలు ఆయుధములు

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మేము 1 సమూయేలు 17వ అధ్యాయము చదివించాము. గొల్యాతు మీదికి వెళ్లబోవు దావీదునకు సౌలు రాజు తన శిరస్త్రాణమును, కవచమును తొడిగించాడు. సౌలు ఉద్దేశము మంచిదే. ఆ ఆయుధములు కూడ మంచివే. కాని దావీదునకు వాటి వాడుక లేదు. వాటితో నడువలేక తీసివేసి, చేతికి అలవాటైన వడిసెలను, ఏటిలోని అయిదు నున్నని రాళ్లను తీసికొన్నాడు. దేవుడు అతనికి జయము ఇచ్చినది వాటితోనే.

తమ్ముడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “అన్నయ్యా, వాడికి కొన్నాననుకొన్నాను గాని, నా గొప్ప కోసమే కొన్నాను” అన్నాడు. మరుసటి వారము తండ్రీకొడుకులు కలిసి వెళ్లి ఒక పట్టర్, ఒక మిడ్‌రేంజ్ తెచ్చుకొన్నారు.

ఇతరులకు బోధించు మేమును ఈ తప్పు చేసినవారమే. కొన్ని సంవత్సరముల క్రితము, క్రొత్తగా బాప్తిస్మము పొందిన ఒక యౌవనస్థుని ఉత్సాహము చూచి, ఆదివారము ప్రసంగము అతనికి అప్పగించాము. మధ్యలో మాట తడబడి, తల వంచుకొని కూర్చున్నాడు. మూడు నెలలు ఆరాధనకు రాలేదు. మొదట వాక్యము చదువు పని ఇచ్చియుంటే అతడు నిలువబడి ఉండేవాడు. తప్పు అతనిది కాదు, మాది.

తలిదండ్రులారా, ఆరవ తరగతి పిల్లవాని మీద ఐఐటి భారము మోపుచున్నామా? 23వ కీర్తన రాని బిడ్డను 119వ కీర్తన కంఠస్థము చేయలేదని కొట్టుచున్నామా? పక్కింటి పిల్లవానికి సరిపోయినది మన బిడ్డకు సరిపోవలెనని లేదు. “నాకు ఏదీ రాదు” అని బిడ్డ అన్నప్పుడు, బిడ్డను గద్దింపక ముందు, వాని చేతికి మనము ఏమి ఇచ్చామో చూచుకొందము.

ఆ ఎర్రని డిస్కు ఇప్పుడు మా తమ్ముని ఇంట బీరువా మీద ఉన్నది. దానిని పారవేయలేదు. దానికి తగిన బలము ఆ చేతికి వచ్చిన దినమున అది కూడ ఎగురును. అంతవరకు ఓర్చుకొను ప్రేమను ప్రభువు మన గృహములకు దయచేయును గాక. ఆమేన్.