ఆఠీను జాకీ అసలు పేరు లా ఇర్

పండగ రోజుల్లో మా సంఘం హాల్లో పేక ముక్కలు బయటికొస్తాయి (పందెం లేని ఆటేనండి, కంగారుపడకండి). రాజు, రాణి, జాకీ అని పిలవడమే గానీ ఆ బొమ్మలకు సొంత పేర్లున్నాయని మనకు తట్టదు. మన బజారులో దొరికేవి ఇంగ్లీషు పద్ధతి ముక్కలు, వాటి మీద పేర్లుండవు. ఫ్రాన్సు ముక్కల మీద పేరు అచ్చువేసి ఉంటుంది. ఇస్పేటు రాజు దావీదు, కళావరు రాజు అలెగ్జాండరు, డైమను రాజు సీజరు, ఆఠీను రాజు చార్లెస్. ఆఠీను జాకీ లా ఇర్.

ఆ పన్నెండు పేర్లలో ఎక్కువ భాగం బైబిలువీ, పురాణాలవీ, పాత చక్రవర్తులవీ. యూరపుకు పేక వచ్చింది 14వ శతాబ్దం చివర్లో. కాబట్టి బతికుండగా పేక ముక్క చేతపట్టే అవకాశం వీళ్ళలో లా ఇర్‌కే ఉంది.

ఆయన అసలు పేరు ఎతియెన్ ద విన్యోల్. దక్షిణ ఫ్రాన్సులోని గాస్కొనీ మనిషి, సుమారు 1390లో పుట్టాడు. లా ఇర్ అన్నది మారుపేరు, కోపం అనే మాట నుంచి వచ్చిందంటారు. ఇంగ్లీషు వాళ్ళతో నూరేళ్ళ యుద్ధం సాగుతున్న రోజులవి. 1427లో మోంతార్జీ పట్టణాన్ని ముట్టడి నుంచి విడిపించడానికి వెళ్తూ ఆయన చేసిన ప్రార్థన గురించి ఒక కథ ఉంది. దేవుడా, నువ్వు లా ఇర్‌వీ నేను దేవుణ్ణీ అయితే నీకు నేనేం చేసేవాడినో, ఇవాళ నాకు నువ్వు అదే చెయ్యి అన్నాడట. ముప్ఫయ్యేళ్ళకు పైగా గుమాస్తాగా అర్జీలు చూసిన నాకు ఇంత సూటిగా రాసిన అర్జీ ఒక్కటీ తగల్లేదు.

1429లో జోన్ ఆఫ్ ఆర్క్ పక్కన ఓర్లెయాను విడుదలకు పోరాడాడు. జూన్ 18న పాతే దగ్గర ముందు దళంతో ఇంగ్లీషు విలుకాళ్ళ మీద పడ్డాడు. వాళ్ళు పాతుకునే మేకులు ఇంకా పూర్తిగా దిగలేదు. అంతే, సైన్యం చెదిరిపోయింది. నోరు తెరిస్తే ఒట్లూ బూతులూ వచ్చే ఈ మనిషిని జోన్ అదుపులో పెట్టిందనీ, చేతికర్ర మీద మాత్రం ఒట్టు వేసుకోనిచ్చిందనీ చెప్పుకుంటారు.

ఇంతవరకే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. జీతాలందని సైనికుల ముఠాలు ఆ రోజుల్లో ఊళ్ళ మీద పడి దోచుకునేవి. జనం వాళ్ళకు పెట్టిన పేరుకు అర్థం 'తోలు ఒలిచేవాళ్ళు'. అలాంటి ముఠాల నాయకుల్లో లా ఇర్ కూడా ఉన్నాడు. దోపిడీకి గురైన రైతుల పేర్లు ఏ ముక్క మీదా లేవు. 1443 జనవరిలో మోంతోబాన్‌లో చనిపోయాడు.

తర్వాత కథల వాళ్ళు ఆయన్ని నవ్వించే మొరటు వీరుడిగా తీర్చుకున్నారు. మార్క్ ట్వేన్ 1896 నవలలోనూ, బెర్నార్డ్ షా 'సెయింట్ జోన్' నాటకంలోనూ ఉన్నాడు. 1999లో వచ్చిన లూక్ బెసోఁ సినిమాలోనూ, అదే ఏడాది వచ్చిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' కంప్యూటర్ ఆటలోనూ ఉన్నాడు. మా మనవడికి ఆయన ఆ ఆటలోంచే తెలుసు, పేక సంగతి నేను చెప్తే నమ్మలేదు.

యానాం వైపు ఎవరింటి అటక మీదైనా పాత ఫ్రెంచి పేక ఉంటే, ఆఠీను జాకీ అంచు ఒకసారి చూడండి. ఫోటో తీసి పంపితే వాడికి చూపిస్తాను.