తయారీ ఆగిపోయిన ఎకోస్పోర్ట్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనవచ్చా?

ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 2013లో భారత మార్కెట్లోకి వచ్చింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 200 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, వెనుక తలుపుకు తగిలించిన స్టెప్నీ దానికి ప్రత్యేక గుర్తింపు తెచ్చాయి. చెన్నై సమీపంలోని మరైమలై నగర్ కర్మాగారంలో ఈ కారు తయారయ్యేది. భారత్‌లో అమ్మకాల కోసం కార్ల తయారీని ఆపివేస్తున్నట్లు 2021 సెప్టెంబరు 9న ఫోర్డ్ ప్రకటించింది.

అప్పటి నుంచి ఈ కారు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో మాత్రమే దొరుకుతోంది. అదే వయసున్న పోటీ కార్ల కంటే తరచుగా తక్కువ ధర పలుకుతుంది. ఆ తగ్గింపు నిజంగా లాభమేనా అన్నదే కొనుగోలుదారు ముందున్న ప్రశ్న.

విడిభాగాలు దొరుకుతాయా?

తయారీ ఆపినా సర్వీసు, విడిభాగాల సరఫరా కొనసాగిస్తామని ఫోర్డ్ అప్పట్లోనే తెలిపింది. ఆయిల్ ఫిల్టరు, బ్రేక్ ప్యాడ్ల వంటి వాటికి పెద్దగా చింత అవసరం లేదు. అసలు పరీక్ష ప్రమాదం జరిగినప్పుడే ఎదురవుతుంది. డోరు, హెడ్‌లైటు, ఎలక్ట్రానిక్ మాడ్యూల్ వంటివి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో బయానా ఇవ్వకముందే సొంత ఊరికి దగ్గరలోని సర్వీసు కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి. సర్వీసు కేంద్రం రెండు జిల్లాల అవతల ఉంటే, ఈ కారు ఎంత చౌకగా వచ్చినా వదులుకోవడమే మేలు.

ఏ ఏడాది మోడల్?

ఈ కారు విషయంలో కిలోమీటర్ల కంటే మోడల్ సంవత్సరం ముఖ్యం. 2017 చివర్లో వచ్చిన మార్పులకు ముందు ఆటోమేటిక్ పెట్రోలు ఎకోస్పోర్ట్‌లో పవర్‌షిఫ్ట్ అనే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు ఉండేది. ఆస్ట్రేలియాలో పవర్‌షిఫ్ట్ ఉన్న కార్లపై వచ్చిన ఫిర్యాదులను పరిష్కరించిన తీరుకు అక్కడి ఫెడరల్ కోర్టు 2018లో ఫోర్డ్‌కు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా విధించింది. ఆ కార్లలో ఎకోస్పోర్ట్ కూడా ఉంది. భారత్‌లో 2017 చివరి నుంచి దాని స్థానంలో టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్సు వచ్చింది. అందువల్ల పాత ఆటోమేటిక్ కంటే మాన్యువల్ గేర్ల కారు సురక్షితమైన ఎంపిక.

డీజిల్ కారైతే టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు చూపమని అడగాలి. నడుస్తుండగా ఆ బెల్టు తెగితే ఇంజిన్ లోపలి భాగాలు దెబ్బతింటాయి. బిల్లు లేకపోతే బెల్టు మార్చలేదనే భావించి, ఆ ఖర్చును ధరలో తగ్గించమనాలి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు తొలిసారి స్టార్ట్ చేసి వినడం మంచిది. కొనుగోలుదారు వచ్చేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే కారణం అడగవలసిందే.

ఢిల్లీ నుంచి వచ్చిన కారైతే?

పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై ఢిల్లీలో ఆంక్షలు రావడంతో, అక్కడి కార్లు ఇతర రాష్ట్రాలకు తరలివస్తున్నాయి. హైదరాబాద్, విజయవాడల్లో వాటి ధర ఆకర్షణీయంగా కనిపిస్తుంది. కానీ పాత ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తేవాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం, వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే వాహనానికి అక్కడి కొత్త నంబరు తీసుకోవాలి. దానికి తోడు ఇక్కడి లైఫ్ ట్యాక్సు కట్టాలి. ఇవన్నీ కలిపితే మిగిలేది ఎంతో ముందే లెక్క వేసుకోవాలి.

కాగితాల్లో ఆర్‌సీపై బ్యాంకు అప్పు నమోదై ఉందా, చలాన్లు బకాయి ఉన్నాయా అన్నవి తప్పక చూడాలి. బీమాలో థర్డ్ పార్టీ రక్షణ కొత్త యజమానికి సంక్రమిస్తుంది. కానీ సొంత కారుకు జరిగే నష్టానికి పరిహారం కావాలంటే పాలసీ అతని పేరుకు మారాలి, అందుకు కొన్న 14 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం అమ్మిన వ్యక్తికే చెందుతుంది. కాబట్టి ప్రీమియంలో తేడా కట్టవలసి రావచ్చు.

పేరు మార్పిడిని వాయిదా వేయడం అమ్మేవారికీ ప్రమాదమే. ఆర్‌సీలో పేరున్న వ్యక్తే ప్రమాద పరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. అందుకే జాగ్రత్త తెలిసిన అమ్మకందారు 29, 30 నంబర్ల ఫారాలపై సంతకాలు పూర్తయ్యాకే తాళాలు అప్పగిస్తాడు.