రిమ్ముకు సొట్ట పడితే చక్రం పారేయాలా?

వరంగల్ నుంచి ఖమ్మం పోయే జాతీయ రహదారి మీద దాదాపు సగం దారిలో తొర్రూరు వస్తుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న ఈ ఊరు 2016 అక్టోబరు నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. రహదారి మీద లారీలు, బస్సులు, వడ్ల ట్రాక్టర్లు. రహదారి దిగితే సీసీ రోడ్లు, మట్టిబాటలు. సీసీ రోడ్డు ఆగిపోయి మట్టి మొదలయ్యే చోట బెత్తెడు ఎత్తున అంచు లేచి ఉంటుంది. బడిపిల్లల సైకిళ్లకు అసలు పరీక్ష ఆ అంచు దగ్గరే.

ఇప్పుడు ఆ పిల్లల చేతుల్లో ఎక్కువగా కనిపించేవి లావు టైర్ల మౌంటెన్ బైకులు. ఏ కంపెనీదైనా చాలామంది నోట అది రేంజర్ సైకిలే. కొండలెక్కే సైకిల్‌ను గుంతలేం చేస్తాయన్న ధీమా కొన్నవాళ్లకు ఉంటుంది. ఆ ధీమా సగమే నిజం. లావు టైరు రిమ్మును కాపాడేది అందులో సరిపడా గాలి ఉన్నంతసేపే. గాలి తగ్గిన టైరుతో, వెనక ఇంకొకరిని ఎక్కించుకుని, గుంత అంచును వేగంగా గుద్దితే టైరు పూర్తిగా అణిగిపోతుంది. రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పంచరు వేసేటప్పుడు అలాంటి జంట చిల్లులు కనిపిస్తే అదే చోట రిమ్మును కూడా వేలితో తడిమి చూడాలి. చాలాసార్లు సొట్ట అక్కడే దొరుకుతుంది.

పాత నల్ల సైకిళ్లకు ఈ బాధ ఇంతగా తెలియలేదు. దానికి కారణం వాటి బ్రేకు. వాటికి ఉండేది కడ్డీల బ్రేకు. లివరు నొక్కితే ఇనుప కడ్డీలు పైకి లేచి, బ్రేకు రబ్బర్లను రిమ్ము లోపలి ముఖానికి, అంటే స్పోకులు వచ్చి కలిసే వైపుకు అదిమేవి. రిమ్ము పక్క అంచుకు సొట్ట పడినా బ్రేకుకు అడ్డం వచ్చేది కాదు. రేంజర్ రకం సైకిళ్లలో అలా కాదు. రబ్బర్లు రిమ్మును రెండు పక్కలా పట్టుకుంటాయి. పక్క అంచు బయటికి ఉబ్బితే చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ ఉబ్బు రబ్బరుకు తగిలి ‘టక్’మంటుంది. బ్రేకు వేస్తే నున్నగా ఆగదు, పట్టి పట్టి ఆగుతుంది. ముందు చక్రానికి సొట్ట ఉండి, దిగుడులో ముందు బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం ఉన్నట్టుండి బిగుసుకుని పిల్లవాడు హ్యాండిల్ మీదుగా పడే ప్రమాదం ఉంది. అందుకే ఆ చప్పుడును తేలిగ్గా తీసుకోవద్దు. డిస్క్ బ్రేకు సైకిల్‌కు ఈ ముప్పు లేదు. అయినా సొట్ట దగ్గర టైరు సరిగా కూర్చోక గాలితో పాటు టైరే బయటికి రావచ్చు.

సొట్టను సరిచేసే ముందు చక్రం ఎలా నిలబడుతుందో తెలియాలి. చూడటానికి సన్నటి స్పోకులు సైకిల్‌ను కింది నుంచి మోస్తున్నట్టు అనిపిస్తుంది. కానీ అంత సన్నటి తీగ బరువు కింద నొక్కితే వంగిపోతుంది తప్ప నిలబడదు. దాని బలమంతా లాగుడులో ఉంది. ప్రతి స్పోకునూ రెండు వైపులా లాగి బిగిస్తారు. మనిషి ఎక్కినప్పుడు నేలకు దగ్గరగా ఉన్న స్పోకుల లాగుడు కొంత తగ్గుతుంది, మిగతావి రిమ్మును గుండ్రంగా పట్టి ఉంచుతాయి. స్పోకులను ఇరుసు నుంచి నేరుగా కాకుండా ఏటవాలుగా అల్లే పద్ధతికి ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు తీసుకున్నాడు. నేటికీ మన సైకిళ్లలో ఉన్నది అదే అల్లిక. పాత నల్ల సైకిళ్లకు ముందు 32, వెనక 40 స్పోకులు ఉండేవి. మౌంటెన్ బైకుల్లో ఎక్కువగా 32 లేదా 36 ఉంటాయి. రిమ్ము ఒక చోట లోపలికి నొక్కుకుపోతే అక్కడి స్పోకుల లాగుడు సడలుతుంది, పక్కవాటి మీద భారం పెరుగుతుంది. సొట్ట పడ్డ చక్రంలో కొన్నాళ్లకు స్పోకులు ఒక్కొక్కటే తెగడానికి కారణం ఇదే.

రిమ్ము ఏ లోహంతో చేసిందో చూడకుండా సుత్తి ఎత్తకూడదు. చిన్న అయస్కాంతం ఆనిస్తే తేలిపోతుంది. అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే అల్యూమినియం. ఉక్కు ఓర్పుగల లోహం. వంగుతుంది, మళ్లీ వస్తుంది, ఒకటి రెండుసార్లు సరిచేసినా సాధారణంగా చిట్లదు. కాకపోతే బరువెక్కువ, వానలో తడిస్తే బ్రేకు సరిగా పట్టదు. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు రీప్యాక్ అనే కొండ దిగుడు పందెం మొదలుపెట్టి, మౌంటెన్ బైకుకు ప్రాణం పోసినప్పుడు వాళ్ల కింద ఉన్నవి పాత కాలపు లావు టైర్ల బరువు సైకిళ్లే. తేలికైన అల్యూమినియం రిమ్ములు వచ్చాక ఆ సైకిల్ కొండలెక్కడం కూడా సులువైంది. అయితే అల్యూమినియం వంచిన కొద్దీ మొండికేస్తుంది. ఒకసారి వంగిన చోట గట్టిపడి పెళుసవుతుంది, మళ్లీ మళ్లీ వంచితే చీలుతుంది. ఉక్కు రిమ్ముల కాలంలో చెయ్యి తిరిగిన మెకానిక్ అదే దెబ్బ అల్యూమినియం మీద వేస్తే నష్టం జరిగేది ఇక్కడే. ఖరీదైన కార్బన్ రిమ్మైతే సరిచేసే ప్రశ్నే లేదు. అది వంగదు, పగులుతుంది. దెబ్బ తగిలితే మార్చడమే.

ఇక సరిచేయడం. ముందు టైరు, ట్యూబు తీసేయాలి. సొట్ట ఒక్క అంచుకే పరిమితమై చిన్నదిగా ఉంటే, సర్దుబాటు పానాతో ఆ అంచును పట్టి మెల్లగా బయటి నుంచి లోపలికి తేవచ్చు. పానా పళ్లకూ రిమ్ముకూ మధ్య మందపాటి గుడ్డ లేదా తోలు ముక్క పెట్టాలి. లేకపోతే గీతలు పడి, ఆ గీతల దగ్గరే తర్వాత చీలిక మొదలవుతుంది. ఒకేసారి గట్టిగా వంచకుండా సొట్ట ఒక చివర నుంచి రెండో చివర దాకా కొంచెం కొంచెంగా రావాలి. అంచు లోపలికి వంగి ఉంటే గట్టి కర్రముక్క ఆనించి, దాని మీద సుత్తితో తట్టాలి. సుత్తి నేరుగా రిమ్ముకు తగలకూడదు. వేడి చేయడం అసలే వద్దు, అల్యూమినియం గట్టిదనం పోతుంది. అద్దంలా నున్నగా రావాలన్న పట్టుదల వదులుకోవాలి. టైరు సరిగా కూర్చుని, బ్రేకు రబ్బరు తగలకుండా ఉంటే పని అయినట్టే. తొంభై పాళ్లు వచ్చిన చోట ఆగిన చెయ్యే మంచి చెయ్యి.

ఆ తర్వాత చక్రం ‘ఔట్’, అంటే పక్కకు ఊగడం, తీయాలి. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, చక్రం తిప్పుతూ బ్రేకు రబ్బరును గురుతుగా పెట్టుకుంటే ఎటు వంగిందో కనిపిస్తుంది. రిమ్ము కుడికి వస్తే అక్కడ ఎడమ వైపు నుంచి వచ్చే స్పోకులను బిగించి, కుడి వైపువాటిని కొంచెం సడలించాలి. రిమ్ము దగ్గర స్పోకును బిగించే నిపిల్‌ను ఒకేసారి పావు చుట్టు మించి తిప్పకూడదు. వదులైన స్పోకు చేతితో మీటితే బొంగురుగా పలుకుతుంది, బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది. అనుభవమున్న మెకానిక్‌లు చెవితోనే సగం పని చేస్తారు. ఏ కొలత పరికరమూ లేకుండా, ఫోర్కుకు బొటనవేలు ఆనించి మిల్లీమీటరు తేడా పట్టే ఈ పనితనం మన చిన్న ఊళ్ల సైకిల్ షాపుల్లో ఇంకా ఉంది. ఐటీఐల్లో పాఠంగా నేర్పదగ్గ విద్య ఇది. ఆ పనికి అడిగిన కూలీ ఇవ్వడానికి వెనకాడటం న్యాయం కాదు.

అన్నిటినీ బాగుచేయాలని చూడటమూ తప్పే. నిపిల్ రంధ్రాల చుట్టూ వెంట్రుక మందం పగులు కనిపించినా, అతుకు విచ్చుకున్నా, బ్రేకు రాపిడికి పక్క గోడలు లోపలికి అరిగి గుంటపడినా, చక్రం అప్పడంలా మెలికపడినా ఆ రిమ్ము పని అయిపోయింది. అంచులు రెండూ ఒకే చోట లోతుగా నొక్కుకుపోతే స్పోకులు ఎంత బిగించినా గుండ్రం రాదు. అలాంటప్పుడు ఇరుసు, స్పోకులు బాగుంటే వాటినే ఉంచుకుని కొత్త రిమ్ము అల్లించుకోవచ్చు. చక్రమంతా కొనాల్సిన పని లేదు.

సొట్ట పడకుండా చూసుకోవడానికి ఖర్చేమీ లేదు. టైరు పక్కన ఎంత గాలి పట్టాలో అచ్చువేసి ఉంటుంది. చాలా మౌంటెన్ బైకు టైర్లకు అది 35 నుంచి 65 పీఎస్ఐ దాకా ఉంటుంది. తొక్కేవారి బరువును బట్టి ఆ హద్దుల్లోనే ఉంచాలి. వారానికోసారి బొటనవేలితో గట్టిగా నొక్కి చూస్తే తగ్గిందో లేదో తెలుస్తుంది. పెట్రోలు బంకులో గాలి కొట్టించేటప్పుడు పక్కనే ఉండి చూసుకోవాలి. సొట్ట తీసిన రిమ్ముకు గాలి హద్దు దాటితే అంచు విచ్చుకుంటుంది.

కొత్త రిమ్ము తప్పనిసరైతే పాతదాన్ని వెంట తీసుకెళ్లండి. ముందు స్పోకు రంధ్రాలు లెక్కపెట్టించండి. తర్వాత టైరు మీద చిన్నగా ఉండే మూడంకెల సంఖ్య చూడండి. 26 అంగుళాల మౌంటెన్ బైకుకు అది 559, 27.5కు 584, 29కి 622. పేరుకు 26 అంగుళాలే అయినా పాత రకం సన్న టైరు సైకిల్ రిమ్ము 590 ఉంటుంది, దానికి మౌంటెన్ బైకు టైరు ఎక్కదు.